మోచేయి, మణికట్టు, చేతుల ఫ్లోరోసిస్ (పశ్చిమ ప్రకాశం)

మోచేయి, మణికట్టు, చేతుల ఫ్లోరోసిస్ అనేది ఫ్లోరైడు అధికంగా ఉన్న నీటిని ఏళ్ల తరబడి తాగడం వలన చేతి ఎముకలకు, కీళ్లకు, ఎముకలను కలిపి ఉంచే బంధనాలకు కలిగే వ్యాధి. ఎముకల ఫ్లోరోసిస్‌లో ఇది ఒక భాగం. వెన్నెముక, కటి ఎముకలు ఈ వ్యాధికి ముందుగా గురి అవుతాయి. అయితే మనిషి తన పని తాను చేసుకోలేని స్థితికి రావడంలో చేతులకు కలిగే నష్టం పాత్ర తక్కువేమీ కాదు. మోచేయి పూర్తిగా చాపలేకపోవడం, పూర్తిగా ముడవలేకపోవడం, అరచేతిని పైకి తిప్పలేకపోవడం, వేళ్లు తిమ్మిరెక్కడం, పట్టు తగ్గడం దీని ముఖ్య లక్షణాలు.

ఆంధ్రప్రదేశ్‌లో పశ్చిమ ప్రకాశంగా పిలిచే మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం, పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు ఈ వ్యాధికి చిరకాలంగా పేరుపడినవి. ఈ ప్రాంతంలో నడివయసు మనిషికి మోచేయి పట్టేస్తే ఇంట్లోవారు, తరచుగా వైద్యులు కూడా, దానిని వాతం అనో, కష్టపు పని వలన వచ్చిన నొప్పి అనో అనుకొంటారు. నొప్పి మాత్రలు వాడుతూ అవే నీళ్లు తాగుతూ ఉండడం వలన వ్యాధి లోలోపల పెరుగుతూనే ఉంటుంది. ముంజేతికి ఒక ఎక్స్‌రే, తాగే నీటికి ఒక పరీక్ష చేయిస్తే చాలావరకు విషయం తేలిపోతుంది.

చరిత్ర

ఫ్లోరైడు వలన ఎముకలు గట్టిపడతాయని మొదట గమనించినది నీటి విషయంలో కాదు. 1932లో డెన్మార్కు దేశంలోని కోపెన్‌హాగన్‌లో క్రయొలైటు అనే ఖనిజాన్ని పొడిచేసే కర్మాగారపు కార్మికులలో మోలర్, గుడ్‌యోన్సన్ అనే వైద్యులు దీనిని వర్ణించారు. అక్కడ ఫ్లోరైడు దుమ్ము రూపంలో శరీరంలో చేరింది.

బావినీరు తాగినంత మాత్రాన మనుషులు ఇదే విధంగా వంగిపోగలరని వెల్లడైనది మన ప్రాంతంలోనే. 1937లో మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన షార్ట్, ఆయన సహచరులు మెక్‌రాబర్ట్, బర్నార్డ్, నాయర్ కలిసి ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో మద్రాసు రాజధానిలోని ఫ్లోరోసిస్‌పై ఒక నివేదిక ప్రచురించారు. భారతదేశంలో ఎముకల ఫ్లోరోసిస్‌కు ఇదే తొలి నివేదికగా పరిగణిస్తారు. అందులో పేర్కొన్న ప్రాంతం నెల్లూరు జిల్లా. ఇక్కడ పాఠకులు గమనించవలసిన విషయం ఒకటి ఉంది. ఆనాటి నెల్లూరు జిల్లాలో దర్శి, పొదిలి, కనిగిరి తాలూకాలు కూడా ఉండేవి. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు ఈ తాలూకాలను నెల్లూరు నుంచి, మార్కాపురం, గిద్దలూరు తాలూకాలను కర్నూలు నుంచి, ఒంగోలు, అద్దంకి, చీరాల తాలూకాలను గుంటూరు నుంచి తీసుకొన్నారు. 1972లో ఆ జిల్లాకు టంగుటూరి ప్రకాశం పంతులు పేరు పెట్టారు. అందువలన పాత వైద్య గ్రంథాలలో నెల్లూరు అని కనబడేది చాలావరకు తరువాతి ప్రకాశం జిల్లా పడమటి గ్రామాల కథే. మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు అప్పట్లో కర్నూలు జిల్లాలో ఉండడం వలన అవి ఆ పేరుతో కనబడవు.

ఈ వ్యాధి బోరుబావులతో వచ్చిందనే అభిప్రాయం ప్రజలలో బలంగా ఉంది. ఇది పూర్తిగా నిజం కాదు. 1937 నాటికి ఈ గ్రామాలలో ఉన్నవి తవ్వుడు బావులే. బోర్లు వచ్చిన తరువాత మరింత లోతు నీరు, అంటే రాతితో మరింత ఎక్కువకాలం కలిసి ఉన్న నీరు, ఇంటింటికీ చేరి సమస్య విస్తరించిందని చెప్పడం సరియైనది.

ఆ తరువాతి కాలంలో నల్గొండ జిల్లా ఫ్లోరోసిస్‌కు మారుపేరుగా మారింది. 1955లో సిద్దిఖీ నల్గొండ రోగులపై బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం ప్రచురించారు. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు కృష్ణమాచారి, కృష్ణస్వామి ఫ్లోరైడు ప్రాంతాలలోని యువకులకు మోకాళ్లు లోపలికి వంగడాన్ని లాన్సెట్ పత్రికలో వర్ణించారు. వంగిన కాళ్ల ఛాయాచిత్రాలు పత్రికలలో విరివిగా వచ్చాయి. చేతులకు కలిగే నష్టం ఛాయాచిత్రంలో అంతగా కనబడదు. ఆ కారణంగా దానికి ప్రచారం తక్కువ.

నేల, నీరు

నీటిలోకి ఫ్లోరైడు రాళ్ల నుంచి వస్తుంది. ఫ్లోరైటు, ఎపటైటు, నల్ల అభ్రకం వంటి ఖనిజాలలో ఫ్లోరిన్ ఉంటుంది. కనిగిరి గ్రానైటులో ఫ్లోరైటు ఉన్నట్టు భూగర్భశాస్త్రజ్ఞులు గుర్తించారు. మార్కాపురం, కంభం వైపు నేల అడుగున ఉన్నవి వేరే రాళ్లు. అవి కడప రాతి సముదాయానికి చెందిన పలకరాళ్లు. మార్కాపురం పలకలు వీటినుంచే వచ్చాయి.

రాయి ఒక్కటే కారణం కాదు. వర్షం తక్కువ, ఎండ ఎక్కువ. నేలలో ఇంకే నీరు తక్కువ కావడంతో భూగర్భజలం రాతి పగుళ్లలో చాలాకాలం నిలిచిపోతుంది. క్షారగుణం ఎక్కువగాను, కాల్షియం తక్కువగాను ఉన్న నీటిలో ఫ్లోరైడు సులభంగా కరిగి ఉంటుంది. కాల్షియం తగినంత ఉంటే ఫ్లోరైడు దానితో కలిసి అడుగున పేరుకుపోయేది. ఈ కారణాలు చోటు చోటుకూ మారుతూ ఉంటాయి. ఒకే ఊరిలో ఒక బోరు నీరు నిరపాయంగాను, వంద గజాల దూరంలోని మరో బోరు నీరు ప్రమాదకరంగాను ఉండడం సాధారణం. రుచి, రంగు, వాసనలను బట్టి ఫ్లోరైడును కనిపెట్టలేము. తియ్యగా ఉన్నాయని ఊరంతా మెచ్చుకొనే బావిలోనూ ఫ్లోరైడు ఎక్కువగా ఉండవచ్చు.

తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. భారతీయ ప్రమాణాల ప్రకారం 1 మిల్లీగ్రాము ఆమోదయోగ్యం, వేరే నీటివసతి లేనప్పుడు మాత్రమే 1.5 వరకు అనుమతి. ఈ హద్దులను చదివేటప్పుడు మనిషి తాగే నీటి పరిమాణాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. వేసవిలో పొలంలోనో, రాతి గనిలోనో పనిచేసే మనిషి రోజుకు ఐదు లీటర్ల నీరు తాగడం విశేషం కాదు. లీటరుకు 4 మిల్లీగ్రాముల ఫ్లోరైడు ఉన్న నీరైతే రోజుకు 20 మిల్లీగ్రాములు అతని కడుపులోకి చేరుతుంది. రోజుకు 10 నుంచి 20 మిల్లీగ్రాముల చొప్పున పది ఇరవై ఏళ్లు తీసుకొన్నవారిలో మనిషిని కుంటుపరిచే ఫ్లోరోసిస్ రాగలదని వైద్యగ్రంథాలు చెబుతాయి. అదే నీటితో వండిన అన్నం, పప్పు, కాచిన టీ ఈ లెక్కకు అదనం. టీ ఆకులోనే కొంత ఫ్లోరైడు ఉంటుంది.

చేతిలో జరిగే మార్పులు

తాగిన ఫ్లోరైడులో కొంత మూత్రంలో పోతుంది. మిగిలినది దాదాపు అంతా ఎముకలలో చేరుతుంది. ఎముకలోని ఖనిజంలో హైడ్రాక్సిల్ అణుభాగం ఉండే చోటును ఫ్లోరైడు ఆక్రమిస్తుంది. ఎముకను నిర్మించే కణాలను కూడా అది ప్రేరేపిస్తుంది. దాని ఫలితంగా ఎముక దళసరిగా, బరువుగా తయారవుతుంది గాని దాని అల్లిక క్రమం తప్పుతుంది. అంతేకాక ఎముక ఉండకూడని చోట, అంటే కండరాల కొసలు ఎముకకు అతుక్కొనే చోట్ల, బంధనాలలో, పొరలలో సున్నం పేరుకొంటుంది. దీనినే కాల్సీకరణం అంటారు. కష్టపు పని వలన ఎక్కువ లాగుడు పడే చోట్ల ఇది ఎక్కువగా కనిపిస్తుంది. కాబట్టి శారీరక శ్రమ చేసేవారికి నష్టం రెండు విధాలు: వారు తాగే నీరు ఎక్కువ, వారి కీళ్ల మీద పడే ఒత్తిడి కూడా ఎక్కువ.

ముంజేయి ఈ వ్యాధి తన ముద్రను స్పష్టంగా వేసే చోటు. ముంజేతిలో రెండు ఎముకలు ఉన్నాయి. బొటనవేలి వైపుది రత్ని, చిటికెనవేలి వైపుది అరత్ని. రేడియస్, అల్నా అని వైద్యులు అనేవి వీటినే. ఈ రెంటి నడుమ వాటి పొడవునా ఒక దృఢమైన పొర సాగి ఉంటుంది. అరచేతిని కిందికీ పైకీ తిప్పినప్పుడు రత్ని అరత్ని చుట్టూ తిరుగుతుంది, ఆ పొర అందుకు తగినట్టు ముడుచుకొని సాగుతుంది. ఫ్లోరోసిస్‌లో ఈ పొర ఎముకకు అంటుకొన్న అంచు నుంచి సున్నం పేరుకోవడం మొదలవుతుంది. ఎక్స్‌రేలో రెండు ఎముకల లోపలి అంచులు రంపపు పళ్లలా గరుకుగా కనబడతాయి. కాలక్రమంలో ఆ పళ్లు పెరిగి ఎదురెదురుగా దగ్గరవుతాయి. అప్పుడు ముంజేయి తిరగడం తగ్గిపోతుంది.

ఈ మార్పు రోజువారీ జీవితంలో ఎలా తెలుస్తుందో చెప్పవలసి ఉంది, ఎందుకంటే రోగి చెప్పేది ఎముక గురించి కాదు. గుడిలో తీర్థానికి చేయి చాచినప్పుడు అరచేయి పైకి తిరగదు, భుజమంతా వంచి చేతిని పక్కకు తేవలసి వస్తుంది. దోసిలి పట్టడం కుదరదు. తాళంచెవి తిప్పడం, తడిబట్ట పిండడం, చేతిపంపు కొట్టడం, తిరగలి విసరడం కష్టమవుతాయి. నొప్పి అంతగా లేకపోవచ్చు. అందుచేత చాలామంది వయసు మీదపడిందని సరిపెట్టుకొంటారు.

మోచేతిలో వెనుకవైపు కండరం అతుక్కొనే కొన మీద, లోపలివైపు ఎముక బొడిపె మీద ముళ్లవంటి పెరుగుదలలు వస్తాయి. కీలు చుట్టూ ఉన్న బంధనాలు గట్టిపడతాయి. మోచేయి కొంత వంగిన స్థితిలోనే ఉండిపోతుంది. చేయి పూర్తిగా చాచలేకపోవడం వలన బావిలోంచి చేద తోడడం, పై అరలో వస్తువు అందుకోవడం కుదరదు. అంతకన్నా బాధాకరమైనది పూర్తిగా ముడవలేకపోవడం. ముద్ద నోటికి అందదు, తల దువ్వుకోలేరు, జడ వేసుకోలేరు. అన్నం తినడానికి తలను కంచం దగ్గరికి వంచుదామంటే మెడ, వెన్ను కూడా బిగుసుకుపోయి ఉంటాయి. ఇటువంటివారికి ఇంట్లో మరొకరు తినిపించవలసి వస్తుంది.

మోచేతి లోపలివైపు బొడిపె వెనుక సన్నని సందులోంచి అల్నార్ నరం పోతుంది. ఎక్కడైనా తగిలితే ఒక్కసారిగా చిటికెనవేలి దాకా జివ్వుమనేది ఈ నరమే. చుట్టూ ఎముక పెరిగి ఆ సందు ఇరుకైతే నరం నలుగుతుంది. చిటికెనవేలు, ఉంగరపువేలు తిమ్మిరెక్కుతాయి. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ కండ తగ్గి గుంట పడుతుంది. కాలం గడిస్తే ఆ రెండు వేళ్లు కొక్కెంలా వంగిపోతాయి.

మణికట్టు వద్ద అరచేతి వైపున మరొక ఇరుకు దారి ఉంది. దానిలోంచి పోయే మీడియన్ నరం నొక్కుకొంటే బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి రాత్రిపూట నిద్రలోంచి లేపుతాయి. ఇది మధుమేహం, థైరాయిడ్ లోపం, గర్భం వంటి ఎన్నో కారణాల వలన కూడా వచ్చే సమస్య. తిమ్మిరి ఉన్నంత మాత్రాన ఫ్లోరైడు అనుకోకూడదు. వేళ్ల ఎముకలు కూడా కొంత దళసరి కావచ్చు, అయినా వేళ్ల కీళ్లు మోచేతి వలె బిగుసుకుపోవడం అరుదు.

చేతులు మొద్దుబారడానికి కారణం చేతిలో కాక మెడలో ఉండే అవకాశాన్ని ఎన్నడూ మరువరాదు. మెడ వెన్నుపూసలు, వాటి బంధనాలు దళసరి అయి లోపలి వెన్నుపామును నొక్కుతాయి. అప్పుడు రెండు చేతుల వేళ్లూ పట్టు తప్పుతాయి, చొక్కా గుండీలు పెట్టుకోలేరు, నాణెం ఏరుకోలేరు, నడుస్తుంటే కాళ్లు బిగుసుకొంటాయి. ఎముకల ఫ్లోరోసిస్ ఉన్నవారిలో సుమారు పదో వంతు మందికి నాడీ సంబంధమైన చిక్కులు వస్తాయని ఈ రంగంలో పనిచేసినవారి అంచనా. నల్గొండ రోగులపై ఈ అంశాన్ని దీర్ఘకాలం పరిశీలించినవారిలో న్యూరోసర్జన్ డాక్టర్ దేమె రాజారెడ్డి ముఖ్యులు. చేతి బలహీనతతోపాటు నడకలో మార్పు, మూత్రం ఆపుకోలేకపోవడం ఉంటే ఆలస్యం చేయక నాడీ వైద్యుని సంప్రదించాలి.

వ్యాధి నిర్ధారణ

ముంజేతి ఎక్స్‌రే చౌకగా దొరికే పరీక్ష, ఏ పట్టణంలోనైనా తీస్తారు. రత్ని అరత్నిల నడిమి పొరలో సున్నం కనబడడం ఎముకల ఫ్లోరోసిస్‌కు అత్యంత విలక్షణమైన గుర్తుగా వైద్యులు పరిగణిస్తారు. నడుము, కటి ఎక్స్‌రేలలో ఎముక సుద్దలా తెల్లగా కనిపిస్తుంది. ముంజేతి గుర్తు తోడైతే అనుమానానికి తావు తక్కువ. మూత్రంలోను, తాగే నీటిలోను ఫ్లోరైడు పరీక్ష దీనికి బలం చేకూరుస్తుంది. మూత్రంలోని ఫ్లోరైడు ఇటీవల తాగిన నీటిని చూపుతుంది గాని ఎముకలో పేరుకొన్న మొత్తాన్ని కాదు. ఏడాది క్రితం నీరు మార్చుకొన్న మనిషికి ఆ సంఖ్య తగ్గి కనబడవచ్చు.

గారపళ్లను చూసి ఫ్లోరోసిస్‌ను నిర్ణయించే అలవాటు ఉంది. ఇది పొరపాట్లకు దారితీస్తుంది. పంటి మీద మచ్చలు, చారలు పళ్లు తయారయ్యే వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్లలోపు, ఫ్లోరైడు నీరు తాగినవారికే వస్తాయి. వేరే ప్రాంతంలో పుట్టి పెరిగి కోడలిగా ఈ గ్రామాలకు వచ్చిన స్త్రీకి పళ్లు తెల్లగానే ఉంటాయి. ఇరవై ఏళ్లు ఇక్కడి నీరు తాగిన తరువాత ఆమె మోచేయి మాత్రం చాపలేకపోవచ్చు. పళ్లు బాగున్నాయి కనుక ఫ్లోరైడు కాదు అనడం ఇటువంటివారి విషయంలో చెల్లదు. కాన్పులు, పాలివ్వడం, కాల్షియం తక్కువైన ఆహారం కారణంగా స్త్రీలలో ఎముక ఒకవైపు గట్టిపడుతూ మరోవైపు మెత్తబడడమూ ఉంది.

కీళ్లవాతంగా పిలిచే రుమటాయిడ్ వ్యాధిలో వేళ్ల కీళ్లు, మణికట్టు వాచి వేడిగా ఉంటాయి, ఉదయం పూట బిగువు ఎక్కువ. ఫ్లోరోసిస్‌లో వాపు, వేడి సాధారణంగా ఉండవు. వెన్ను బిగుసుకుపోయే ఆంకిలోసింగ్ స్పాండిలైటిస్ యువకులలో నడుము కింది కీళ్లతో మొదలవుతుంది, అందులో ఎముక సాంద్రత ఇంతగా పెరగదు.

సున్నం పేరుకొనే ఇతర వ్యాధులు

చేతిలో సున్నం కనబడినదల్లా ఫ్లోరైడు కాదు. ఈ ప్రాంతంలో తరచు ఎదురయ్యే మరొక కారణం దెబ్బ. పిల్లవాడు చెట్టుమీద నుంచి పడి మోచేయి బెణికినా, విరిగినా నాటువైద్యుని దగ్గరకు తీసుకువెళ్లి నూనె రాసి గట్టిగా మర్దన చేయించడం, బలవంతంగా వంచి చాపించడం వాడుకలో ఉంది. గాయపడిన కండరంలోని రక్తపు గడ్డ ఈ ఒత్తిడికి ఎముకగా మారగలదు. దీనిని మయోసైటిస్ ఆసిఫికన్స్ అంటారు. మోచేయి ఇందుకు ఎక్కువగా లోనయ్యే కీలు. నెల రెండు నెలలలోనే మోచేయి రాయిలా బిగుసుకొంటుంది. ఒక్క చేతికే రావడం, దెబ్బ తగిలిన చరిత్ర ఉండడం, ముంజేతి నడిమి పొర మామూలుగా ఉండడం చూసి దీనిని ఫ్లోరోసిస్ నుంచి వేరుచేస్తారు. కొత్తగా దెబ్బ తగిలిన మోచేతికి మర్దన చేయరాదని ఎముకల వైద్యులందరూ చెబుతారు.

మూత్రపిండాలు చెడినవారిలో కీళ్ల చుట్టూ సున్నపు గడ్డలు రావచ్చు. వయసు మళ్లినవారిలో మణికట్టు మృదులాస్థిలో సన్నని సున్నపు గీత కనబడుతుంది, అప్పుడప్పుడు అది గౌటును పోలిన వాపు తెస్తుంది. స్క్లీరోడెర్మా అనే వ్యాధిలో చర్మం బిగుసుకొని వేలికొసల్లో సున్నపు గింజలు ఏర్పడి పగిలి బయటపడతాయి. రాతిదుమ్ము, అంటే సిలికా, పీల్చేవారిలో స్క్లీరోడెర్మా వచ్చే అవకాశం ఎక్కువని అనేక దేశాల పరిశీలనలు చూపాయి. పలకరాయి కోసే, చెక్కే ఊళ్లలో వేళ్లు చలికి నీలిరంగుకు మారే కార్మికుడు కనబడితే ఈ సంగతి వైద్యునికి గుర్తుండడం మంచిది. బడి పలకల వాడకం తగ్గిన తరువాత మార్కాపురం రాయిని గోడలకు, నేలకు పరిచే అలంకరణ పలకలుగా తయారుచేస్తున్నారు. రాయి కోత, దానితో దుమ్ము కొనసాగుతున్నాయి.

టెన్నిస్ ఎల్బోగా పేరుపడిన మోచేతి బయటివైపు నొప్పి, బొటనవేలి మొదట వచ్చే నొప్పి, వేలు వంగి టక్కున తెరుచుకొనే ట్రిగ్గర్ ఫింగర్ ఎక్కువగా పని ఒత్తిడి వలన వచ్చేవి. ఇవి విశ్రాంతితోను, చిన్నపాటి చికిత్సతోను తగ్గుతాయి.

చికిత్స

ఎముకలో చేరిన ఫ్లోరైడును బయటకు లాగే మందు లేదు. నీరు మార్చడమే చికిత్సలో మొదటి మెట్టు. అది జరగకుండా చేసే ఏ వైద్యమైనా నిలవదు. నీరు మారిన తరువాత ఫ్లోరైడు మూత్రం ద్వారా ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా పోతూ ఉంటుంది. నొప్పులు, నీరసం, కడుపులో మంట వంటివి కొన్ని నెలలలోనే తగ్గినవారు చాలామంది ఉన్నారు.

బిగుసుకుపోయిన మోచేయి సంగతి వేరు. 1983లో గ్రాండ్‌జాన్, థామ్సెన్ అనే డెన్మార్కు శాస్త్రజ్ఞులు క్రయొలైటు పని మానేసి చాలా ఏళ్లు గడిచిన పాత కార్మికుల ఎక్స్‌రేలను పోల్చి చూశారు. వెన్నుపూసలలో, పక్కటెముకలలో తెల్లదనం బాగా తగ్గింది. కండరాలు అతుక్కొనే చోట్ల, బంధనాలలో పేరుకొన్న సున్నం మాత్రం అలాగే ఉంది. చేతుల విషయంలో ముందుగా గుర్తించడానికి ఇంత ప్రాధాన్యం ఇందువలననే. ముంజేతి అంచులు గరుకుదేరిన దశలో నీరు మారిస్తే ఆ చేయి పనికివస్తుంది. పొర అంతా గట్టిపడిన తరువాత మారిస్తే మిగిలిన కీళ్లకు మాత్రమే మేలు.

నొప్పి మాత్రలను సొంతంగా ఏళ్ల తరబడి వాడడం ఈ వ్యాధిలో రెట్టింపు హాని. అవి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. ఫ్లోరైడును బయటకు పంపేవి మూత్రపిండాలే. అవి బలహీనపడితే తక్కువ ఫ్లోరైడు ఉన్న నీటితో కూడా ఎముకల్లో ఎక్కువ నిల్వ చేరుతుంది. మాత్రకు నొప్పి ఆగుతుంది, వ్యాధి వేగం పెరుగుతుంది.

వేడి కాపడం, నొప్పి లేనంత మేర చేతిని తిప్పే వ్యాయామాలు ఉన్న కదలికను నిలబెడతాయి. బలవంతంగా లాగడం పనికిరాదు. ఆహారంలో కాల్షియం, విటమిన్ సి, విటమిన్ డి తగినంత ఉంటే హాని తగ్గుతుంది. రాగులు, పాలు, ఆకుకూరలు, ఉసిరి, జామ ఈ ప్రాంతంలో అందుబాటులో ఉన్నవే. చింతపండు మూత్రంలో ఫ్లోరైడు విసర్జనను పెంచుతుందని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనలలో తేలింది. అయితే చారు తాగుతున్నాము కదా అని అదే బోరు నీళ్లు తాగడం దీని భావం కాదు.

నరం నొక్కుకొన్నప్పుడు శస్త్రచికిత్స ఉపయోగపడుతుంది. మోచేతి వద్ద అల్నార్ నరాన్ని విడిపించడం, మణికట్టు వద్ద ఇరుకు దారిని తెరవడం చిన్న శస్త్రచికిత్సలే, కండ పూర్తిగా తగ్గకముందు చేయించుకొంటే ఫలితం బాగుంటుంది. మెడ వద్ద వెన్నుపాము మీది ఒత్తిడిని తొలగించడం పెద్ద శస్త్రచికిత్స. ఎముక చాలా గట్టిగా ఉండడం, మెడ వెనుకకు వంగకపోవడంతో మత్తు ఇవ్వడానికి గొట్టం వేయడం కష్టం కావడం వలన అనుభవం ఉన్న ఆసుపత్రిలోనే చేయించుకోవాలి.

నివారణ, నీటి పథకాలు

నీటిని మరగబెడితే ఫ్లోరైడు పోదు, నీరు ఆవిరై దాని సాంద్రత ఇంకా పెరుగుతుంది. గుడ్డతో వడకట్టడం, కుండలో నిలవబెట్టడం, క్లోరిన్ బిళ్ల వేయడం వీటివలన కూడా ప్రయోజనం లేదు. నాగపూరులోని నీరి సంస్థ 1970లలో పటిక, సున్నం, బ్లీచింగు పొడితో ఫ్లోరైడును తేర్చే పద్ధతిని రూపొందించింది. అది నల్గొండ పద్ధతిగా ప్రసిద్ధి చెందింది. ఊరుమ్మడిగా ఈ పద్ధతి వాడిన తొలి కేంద్రాన్ని 1980లో అనంతపురం జిల్లా కదిరిలో నెలకొల్పారు. పద్ధతి చౌకైనదే, అయితే ప్రతిరోజూ పాళ్లు సరిచూసే మనిషి కావాలి, అడుగున మిగిలే బురదను పారవేసే చోటు కావాలి. చాలా గ్రామాలలో ఇటువంటి యంత్రాలు కొద్దికాలానికే మూలపడడానికి ఈ రెండూ లేకపోవడమే కారణం. యాక్టివేటెడ్ అల్యూమినా వడపోతలకు కూడా ఇదే చిక్కు.

ఇప్పుడు ఎక్కువగా కనబడేవి ఆర్.ఓ. యంత్రాలు, వాటినుంచి క్యానులలో అమ్మే నీరు. సరిగా పనిచేసే ఆర్.ఓ. యంత్రం ఫ్లోరైడును చాలావరకు తొలగిస్తుంది. పొర పాడైపోతే తొలగించదు, రుచిలో ఆ తేడా తెలియదు. క్యాను నీరు కొనే ఇళ్లలో కూడా వంటకు బోరు నీరే వాడడం సాధారణం. కొనలేనివారు తాగడానికి కూడా అదే వాడతారు. 2008-09లో కేంద్ర ప్రభుత్వం ఫ్లోరోసిస్ నివారణ, నియంత్రణ జాతీయ కార్యక్రమాన్ని ప్రారంభించినప్పుడు తొలి జిల్లాలలో నెల్లూరు ఒకటి.

చెరువు నీరు, నది నీరు రాతితో ఎక్కువకాలం కలిసి ఉండవు కనుక వాటిలో ఫ్లోరైడు సాధారణంగా తక్కువ. గుండ్లకమ్మ మీద విజయనగర కాలంలో కట్టిన కంభం చెరువు ఈ ప్రాంతపు పెద్ద నీటివనరు, కాని వానలు తప్పిన ఏళ్లలో అది అడుగంటుతుంది. నాగార్జునసాగర్ కుడికాలువ నీరు దర్శి వైపు అందుతుంది. మార్కాపురం పట్టణానికి దూపాడు వద్ద నిల్వచేసిన సాగర్ నీటిని గొట్టాల ద్వారా తెచ్చారు. కాలువకు ఎగువన, నల్లమల అంచున ఉన్న గ్రామాలకు ఈ సదుపాయం తక్కువ.

పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు ఉద్దేశాలలో పంటనీటితోపాటు ఈ ప్రాంతానికి తాగునీరు ఇవ్వడం ఒకటి. మార్కాపురం ప్రాంతపు కమ్యూనిస్టు నాయకుని పేరు దీనికి పెట్టారు. శ్రీశైలం జలాశయం నుంచి కొల్లంవాగు వద్ద 43.5 టి.ఎం.సి.ల కృష్ణా వరదనీటిని నల్లమల కొండల కింద తవ్విన రెండు సొరంగాల ద్వారా తెచ్చి నల్లమలసాగర్‌లో నిల్వచేయడం ప్రణాళిక. 1996లో శంకుస్థాపన జరిగింది. ముఖ్యమైన పనులు 2004 తరువాత మొదలయ్యాయి. మొదటి సొరంగం తవ్వకం 2021లో, రెండవది 2024లో పూర్తి అయ్యాయి. సొరంగాల తరువాత కాలువ పనులు, ముంపు గ్రామాల పునరావాసం మిగిలాయి. శంకుస్థాపన నాటికి పుట్టిన పిల్లలకు ఇప్పుడు ముప్పై ఏళ్లు. ఎముకల మార్పులు చేతుల్లో బయటపడే వయసు ఇదే.